కల్తీ కాని మన పత్తి

లచ్చక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇది నీకు చేరదని ఎరుకే, అయినా రాయబుద్ధయింది.

ఈసారి వానలు దెబ్బకొట్టినయ్. మన మహిళా సంఘం పండిచ్చే మందు కొట్టని పత్తి, బట్టల కంపెనీ అడిగినంత రాలేదు. కంపెనీకి కొనిపెట్టే ఏజెంటు వచ్చి, "బయట పత్తి కొని కలపుండ్రి. ఎవలకు తెలుస్తది?" అన్నడు. లేకుంటె ఆర్డరే పోతదని బెదిరిచ్చిండు. మందు లేకుండ పండిచ్చుడు మాకు నేర్పిందే నువ్వు. అయినా ఆర్డర్ పోతదని అందరం భయపడ్డం.

నీ బిడ్డ స్వప్న లేచింది. "ఆ బట్ట మీద మా రఘునాథపల్లి పేరుంటది సార్. ఉన్నంతే ఇస్తం," అన్నది. మా ముంగటనే కంపెనీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తెల్లారి జవాబొచ్చింది: ఉన్నంతే పంపుండ్రి, వచ్చే పంట కూడ మీదే కొంటమని.

ఇయ్యాల లారీ కదిలింది. అందరం చప్పట్లు కొడుతుంటే స్వప్న ఏడ్వబట్టింది.

"మీ అమ్మ ఉంటె ఎంత మురుస్తుండెనో," అన్న.

"మురుసుడేంది చిన్నమ్మా, పొద్దటిసంది ఏం తినలేదని తిడుతుండె," అన్నది.

ఇంటికి తీసుకపోయి, నీ బదులు నేనే తిట్టి, అన్నం పెట్టిన.

నీ చెల్లె,
యాదమ్మ