నడి ఏట్లో కమిషన్

వెర్లిన్ అక్కా,

ఎసెక్విబో ఏటి మీద మన సర్కారు లాంచీ ఆగిపోయి ఎనిమిది నెలలైంది. "లాంచీకి కమిషన్ పోయింది" అంటాడు రేవు గుమాస్తా. పనిచేయడం లేదని చెప్పడానికి ఆఫీసు భాష అది. అసలు సంగతేమిటంటే, పాత ఇంజన్‌కి రంగేసి కొత్తదని అంటగట్టి ఎవరో కమిషన్ తిన్నారు. లైసెన్సు పోయింది మాత్రం లాంచీ నడిపిన మా ఆయన ఆస్బర్ట్‌కి.

ఆ కమిషన్ సంగతి తేల్చడానికి ఇంకో కమిషన్ వేశారు. మొన్న ఛైర్మన్ ట్రాట్‌మన్ గారూ, ఆయన సెక్రటరీ వచ్చి, అవతలి ఒడ్డున పడున్న లాంచీని చూడాలన్నారు. ఏరు దాటడానికి లాంచీ లేదు కదా! చివరికి మా పడవే ఎక్కారు. వాళ్ళ భోజనం పట్టుకుని నేనూ ఎక్కాను.

నడి ఏట్లో ఆస్బర్ట్ తెడ్డు పైకి తీశాడు.

"ఆ ఇంజన్ ఎవరు అమ్మారో తెలుసా సార్?"

"ముందు పడవ నడపవయ్యా! నాకు ప్రభుత్వం అధికారమిచ్చింది!"

"ఇచ్చింది సార్. తెడ్డివ్వలేదు."

కెరటానికి పడవ ఒరిగింది. "మంత్రిగారి బావమరిది! తప్పు నీదేనని రిపోర్టు ముందే రాసేశారు!" అని సెక్రటరీ ఏడుపు అందుకున్నాడు. ఛైర్మన్ గారు "నోర్ముయ్" అన్నారు గానీ, కాదనలేదు.

భోజనం చుట్టిన కాగితం వెనక నేను అంతా రాశాను. ఇద్దరూ సంతకాలు పెట్టాకే ఆస్బర్ట్ తెడ్డు ముంచాడు.

నువ్వు పత్రికాఫీసులో ఉన్నావు కాబట్టి ఆ కాగితం నీకే పంపుతున్నాను. కూర మరక తుడవకు, ఛైర్మన్ గారి సంతకం దాని కిందే ఉంది.

నీ చెల్లెలు