ఇరవై ఒకటో పేజీలో నెలవంక

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
9 జూలై 2024

మాన్యులు హేమచంద్ర గారికి,

వేణుమాధవ్ నమస్కారాలు. నేరేడ్‌మెట్‌లో మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. మనం ఎప్పుడూ ఎదురుపడలేదు. రెజిమెంటల్ బజార్‌లో రాజేందర్ నడిపే అద్దె పుస్తకాల షాపే మనకు పరిచయం. అతని చేతికి మీరిచ్చిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఈ మధ్య ఏ పనీ ఒక పట్టాన తెమలడం లేదు.

చదివిన పుస్తకమే మళ్లీ తెచ్చుకోకుండా అక్కడి పాఠకులం ఇరవై ఒకటో పేజీలో ఎవరి గుర్తు వాళ్లం పెన్సిలుతో పెట్టుకుంటాం కదా. మా కార్డు గుర్తు నెలవంక. పదేళ్లుగా మీరు దాన్ని చూసే సైన్స్ ఫిక్షన్ ఎంచుకుంటున్నారట. ఆ సంగతి రాజేందర్ ముందే చెప్పాడు. “ఆ నేరేడ్‌మెట్ సారు నెలవంక ఉంటేనే తీస్కపోతడు సార్. లేకుంటె ఒట్టి చేతులతోని బస్సెక్కుతడు” అన్నాడు.

ఈ మధ్య తీసుకున్న మూడూ చెత్తగా ఉన్నాయని, మూడోదాంట్లో హీరో అంగారకుడి మీద స్కూటర్ నడిపాడని, నా అభిరుచికి ఏమైందని అడిగారు. న్యాయమైన ప్రశ్న. క్షమించండి. నమ్మి చదవదగ్గ రచయిత పేరు ఒక్కటి చెప్పమన్నారు. చెబుతాను.

కె. నాంచారమ్మ. రాసినవి నాలుగే పుస్తకాలు. పేరు చూసి పూజల పుస్తకాలనుకుని రాజేందర్ భక్తి అరలో సర్దాడు. అక్కడ వెతకండి.

ఆమె కథల్లో యుద్ధాలుండవు. నౌక ఎంత దూరం పోయినా లోపలి మనుషులు నీళ్ల వంతుల దగ్గరే పోట్లాడుకుంటారు. నేను ముప్పై ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. నీళ్ల గురించి ఆమె ఒక్క తప్పు రాయలేదు. ముందు కథల సంపుటి చదవండి. రెండో పుస్తకం వదిలేసినా నష్టం లేదు. ఆఖరిది ‘ఎనిమిదో మజిలీ’ అనే నవల. ఏడు గ్రహాలు ఎండిపోయి కనిపించాక నౌక ఎనిమిదోదానికి బయల్దేరుతుంది. ట్యాంకులో ఇరవై రోజుల నీళ్లే ఉంటాయి.

ఆ నవల మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఈ ఉత్తరంతో పాటు రాజేందర్‌కి ఇస్తున్నాను. ఒక్క కోరిక. చివరిదాకా చదివి, అక్కడ నీళ్లు దొరికాయో లేదో నాకు ఒక కార్డు ముక్క రాయండి. నేను మధ్యలో ఆపాను. మళ్లీ తెరవలేకపోతున్నాను.

ఉంటాను.

మీ
వేణుమాధవ్

తా.క. కవరు అంటించబోయి ఆగాను. కార్డు నా పేరున ఉన్నా నెలవంక నాది కాదు. నా భార్య కల్పలతది. పదేళ్లుగా మీరు నమ్మింది ఆమె అభిరుచిని. ఫిబ్రవరిలో పోయింది. మీరు ఒట్టి చేతులతో వెళ్తున్నారని విని, చేతికందిన మూడు పుస్తకాల్లో నేనే ఆ గుర్తు పెట్టాను. ఒక్కటీ చదవలేదు.

ఆసుపత్రిలో ‘ఎనిమిదో మజిలీ’ ఆమెకు చదివి వినిపించేవాణ్ని. నూట నలభై రెండో పేజీలో ఉండగా, “జెర ఆపుండ్రి, కండ్లు మూసుకుంట. నేను లేసేదాక ముందుకు చదువకుండ్రి” అంది.

చదవద్దన్నది నన్ను. మిమ్మల్ని కాదు.