నాలుగింటి గుండీల ఆట

అమ్మకు,

నీ ఏకైక కుమారుడు వ్రాయు విశేషములు. ఇక్కడ నాన్న, అక్క, బావ, వాళ్ళ పిడుగు, నేను, అందరం కులాసా. మాటల పరిశోధనకెక్కిన నీ కొండ మీద నువ్వూ, నీ రికార్డరూ, దాని బ్యాటరీలూ కులాసా అని తలుస్తాను. వారానికోసారి వచ్చే జీపులో ఈ ఉత్తరం నిన్ను చేరేసరికి నా కోపం చల్లారిపోవచ్చు. అందుకే వేడి మీదుండగా రాస్తున్నాను.

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న కళ్ళజోడు మార్చలేదు. విరిగిన కాడకు దారం చుట్టి "ఇప్పుడే ఇంకా బాగా కనిపిస్తోంది" అంటున్నాడు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టాం, నిండితే పారబోస్తున్నాం, సంసారం సాగుతోంది. నేను వేళకే తింటున్నాను. "పిడుగు ‘ఎందుకు’ అని అడగడం మొదలుపెట్టిందా, రోజుకు సుమారు ఎన్నిసార్లు?" అని అడిగావు. మొదట చదివినప్పుడు అమ్మమ్మ ముచ్చట అనుకుని అక్కకు కూడా చదివి వినిపించాను. ఇప్పుడు మళ్ళీ చదివితే ఆ "సుమారు" గుచ్చుకుంటోంది.

ఇక అసలు సంగతి. ఉత్తరం చివర "ఇందులో ఒక చిన్న కాగితం పెట్టాను. చదివే పని లేదు, కింద సంతకం చేసి మా ఆఫీసుకు పంపెయ్" అన్నావు. నన్ను పాతికేళ్ళు పెంచినదానివి. చదవొద్దంటే నేను ఏం చేస్తానో నీకు తెలియదా?

చదివాను. "పరిశోధన జరిగిన కాలంలో మైనరైన ఏడవ పిల్లవాడు, తన ముప్పై ఎనిమిది టేపులను భద్రపరిచి రాబోయే పుస్తకంలో వాడుకొనుటకు ఇందుమూలంగా సమ్మతించుచున్నాడు. ఈ సంవత్సరాంతంలోగా సంతకం అందనిచో టేపులు చెరిపివేయబడును." కింద ఖాళీలో నా పేరు, నీ గుండ్రటి చేతిరాతలో.

ఏడవ పిల్లవాడు నాకు కొత్తవాడేం కాదు. పిల్లలు మాటలెలా నేర్చుకుంటారో చెప్పే ఆ పాత టేపుల అచ్చుప్రతులు మా భాషాశాస్త్రం డిపార్టుమెంటులో అందరూ చదివి తీరాల్సిందే. అందులో పన్నెండు మంది పిల్లలు. పిల్లలకూ పేర్లు లేవు, మాట్లాడించిన పెద్దలకూ పేర్లు లేవు, అందరివీ అంకెలే. నా థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆ ఏడోవాడి మీదే. క్యాంటీన్లో వాడి మాటలు చదివి, బల్ల గుద్ది మరీ జనాన్ని నవ్వించాను. "వీడి తప్పులను ఇంట్లో ఎవరూ దిద్దిన దాఖలా లేదు, ఎవరికీ పట్టని పిల్లవాడై ఉండవచ్చు" అని ఒక ఫుట్‌నోటు కూడా రాశాను. మా గైడుగారు దాని పక్కన టిక్కు పెట్టారు.

ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. నాన్న ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"నాన్నా, నేను ఏడోవాణ్ణని నీకు తెలుసా?"

"మీ అమ్మ చెప్పలేదూ? చెప్పిందనుకున్నానే."

"ఇరవై ఏళ్ళ నుంచీ అనుకుంటూనే ఉన్నావా?"

"ఒరేయ్, ఉల్లిపాయలు కోస్తున్నవాణ్ణి ఇంకా ఏడిపించకు" అన్నాడు, దారం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

మర్నాడు మీ ఆఫీసు ల్యాబుకు వెళ్ళి, నీ కాగితం చూపించి టేపులు తీయించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకటో టేపు నుంచీ విన్నాను. అచ్చులో "చిన్న వస్తువులతో ఆట" అని ఉంటుంది. గుండీలు అని రాసి ఉంటే ఎప్పుడో పట్టేసేవాణ్ణి. బిస్కెట్ల రేకు డబ్బా మూత తీసిన చప్పుడు వినపడగానే నాకు వయసు నాలుగేళ్ళయిపోయింది.

అమ్మా, నువ్వు రోజంతా కాగితాల్లో తల దూర్చి ఉండేదానివి. నాలుగింటికి మాత్రం భోజనాల బల్ల మీద గుండీలు పరిచి నా వైపు తిరిగేదానివి. ఎర్రవి నావి, నీలంవి నీవి. ఆ అరగంటా నేను ఏం వాగినా కళ్ళార్పకుండా వినేదానివి. తరువాత నా జీవితంలోకి స్నేహితులు వచ్చారు, ఒక అమ్మాయి కూడా వచ్చి వెళ్ళిపోయింది. అలా విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. "మా అమ్మ వినేది" అని లోపల్లోపల ఒక పొగరు ఉండేది నాకు. అది నీ ఉద్యోగం అని తెలిసింది. నాలుగు నుంచి నాలుగున్నర, వారానికి రెండు రోజులు టేపుతో, మిగతా రోజులు అలవాటు తప్పకుండా ఉండటానికి.

బల్ల మీద ఎప్పుడూ ఒక నల్ల పెట్టె ఉండేది. రేడియో అన్నావు. మరి పాడదేం అంటే, అలిగిందన్నావు. పదకొండో టేపులో నా గొంతు మరీ దగ్గరగా వినిపిస్తుంది. "నీకు రెండు ఎర్ర గుండీలిస్తా, ఒక్క పాట పాడవా?" అని దాన్ని బతిమాలుతున్నాను. వెనక నీ పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు.

మీ నియమావళి కూడా చూశాను. మొదటి పేజీలోనే ఉంది. తప్పును దిద్దరాదు, అదే మాటను ఆసక్తిగా తిరిగి పలికి ఇంకా మాట్లాడించవలెను. నేను "రాను" అనడానికి "వచ్చను" అంటే, నువ్వు "వచ్చవా? ఎందుకు వచ్చవు, నాన్నా?" అని ఎంత ముద్దుగా అడిగావో! టేపుతో ఉన్న నోట్సులో నీ రాత: "తప్పు రూపం నాలుగో నెలలోనూ నిలిచే ఉంది. చాలా బాగుంది." బాగుంది మరి. బళ్ళో మొదటి వారం టీచరమ్మ ముందుకు రమ్మంటే "నేను వచ్చను" అన్నాను. తరగతి పైకప్పు లేచిపోయింది. మూడో తరగతి దాకా నా పేరు వచ్చనుగాడే. వాళ్ళు నవ్వేలోపు నేనే నవ్వించేస్తే నయమని కనిపెట్టింది అప్పుడే. ఏడవ పిల్లవాడిలో అదే మాట చూసి, వీడెవడో మన బాపతే అని ముచ్చటపడి మరీ ఎంచుకున్నాను. చూశావా, నా తెలివి!

ఇదంతా క్షమించేద్దును. ముప్పై ఎనిమిదో టేపు వినకుండా ఉంటే.

అందులో నువ్వు గుండీలు డబ్బాలో పోసేస్తున్నావు. "రేపు?" అన్నాను. "రేపు కూడా" అన్నావు. టక్కున టేపు ఆగిపోయింది. పెట్టె మీద "చివరిది" అని రాసి ఉంది, అదే చేతిరాత. మర్నాడు నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ మర్నాడు కూడా. నాలుగు రోజులు కూర్చున్నట్టు గుర్తు. "అమ్మకు పనుంది, వెళ్ళి ఆడుకో" అన్నావు. నేనేదో తప్పు మాట్లాడి ఉంటాననుకున్నాను.

ఇప్పుడు ఇంతసేపూ దాచింది చెప్పాలి.

నా నాలుగో అధ్యాయానికి చిన్నపిల్లల ప్రశ్నలు కావాలి, ఇరవై రికార్డులు. రెండు నెలల క్రితం, నీ కాగితం రాకముందే, అటక మీంచి అదే రేకు డబ్బా దింపి అక్కావాళ్ళింటికి తీసుకెళ్ళాను. నాలుగింటికి పిడుగుతో గుండీల ఆట, చొక్కా జేబులో ఫోను. తల్లి అనుమతి ఉండాలి. అడిగితే అక్క వద్దంటుందని అడగలేదు. పిడుగు తప్పు మాట్లాడితే దిద్దలేదు, ముద్దుగా తిప్పి అడిగాను. నీ టేపులన్నీ విన్నాక కూడా రెండుసార్లు వెళ్ళాను. ఇరవైకి ఇంకా రెండే తక్కువ కదా అని. నీ మీద కోపంతో పళ్ళు నూరుకుంటూనే జేబులో ఫోను సర్దుకున్నాను. శుక్రవారంతో లెక్క సరిపోయింది. శనివారం వెళ్ళలేదు.

నాలుగుంపావుకు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఎక్కడ చచ్చావు? ఇది గుండీలు పరుచుకుని కూర్చుంది. పాలు తాగవే అంటే మామయ్య వచ్చాకే అంటోంది."

పరుగెత్తుకుంటూ వెళ్ళి, గుమ్మంలోనే అక్కకు అంతా చెప్పేశాను, నీ కాగితంతో సహా. అక్క అరవలేదు. "ఫోనివ్వు" అంది. ఇరవై రికార్డులూ ఒక్కొక్కటే చెరిపేసింది. తరువాత అంది:

"నేను బడి నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడేదాన్నిరా. అరగంట దాకా లోపలికి రావద్దనేది అమ్మ. నువ్వంటేనే ఇష్టం అనుకున్నాను. నా గొంతు టేపులో పడుతుందనా!"

నేను జోకు వేద్దామని నోరు తెరిచాను. అక్క ఫోను నా చేతిలో పెట్టేసింది.

"నీకు అరగంటైనా దక్కింది. పో, అది ఎదురుచూస్తోంది" అంది.

అమ్మా, నీ కాగితం మీద సంతకం పెట్టలేదు. చింపనూ లేదు. గుండీల కింద, డబ్బా అడుగున ఉంది. సంవత్సరాంతానికి ఇంకా ఏడు వారాలున్నాయి. ఏదో ఒక రోజు నాలుగింటికి వచ్చి కూర్చో. రికార్డరూ పెన్నూ కొండ మీదే వదిలేసి రా. ఈసారి అక్క కూడా లోపలే కూర్చుంటుంది. మేము మాట్లాడతాం, నువ్వు విను. తప్పు మాట్లాడితే దిద్దు. ఆ తరువాత కాగితం బయటికి తీస్తాను. సంతకం పెడతానో, నీ చేతే చెరిపిస్తానో నాకింకా తెలియదు. తెలిసినట్టు నటించడం ఇవాళ నావల్ల కాదు.

అక్కావాళ్ళింట్లోనే కూర్చుని రాస్తున్నాను. నిన్న బయలుదేరుతుంటే పిడుగు గుమ్మం దాకా వచ్చి "రేపు?" అంది. "రేపు కూడా" అన్నాను. అందుకే ఇవాళ నాలుగుకు ముందే వచ్చేశాను.

గడియారంలో నాలుగు కావస్తోంది. మూత తీసిన చప్పుడు వినిపిస్తోంది. ఉత్తరం ఇక్కడికి ఆపుతున్నాను.

ఇట్లు,
నీ కొడుకు
(కాగితాల్లో ఏడవ పిల్లవాడు)