తూర్పు చేని మట్టిలో దొరికింది

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున అమ్మా నేనూ నల్లమాడ చేనికి వెళ్ళాం.

నువ్వు ఏటా వేరుశనగ విత్తనాలకు రైజోబియం పొడి పట్టించేవాడివి. ఆ బ్యాక్టీరియా వేళ్ళకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పడమటి చేలో అది బాగా పనిచేసేది. తూర్పు చేలో మాత్రం బుడిపెలే కనబడేవి కావు.

"ఈ మట్టిలో ఏందో దాన్ని తింటాండాది పాపా" అన్నావు.

హిందూపురంలో డిగ్రీ చదువుతున్న నేను, "పొట్లం ఎండలో పెట్టింటావు, అన్నీ చచ్చిపోయింటాయి" అని కసిరాను. నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ వేసవిలో మా కాలేజీ ల్యాబులో తూర్పు చేని మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, అదే బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్ళెంలో వేశాను. రెండు రోజులకు అందులో బ్యాక్టీరియా చచ్చిన చోటల్లా గుండ్రటి ఖాళీలు పడ్డాయి. ఆ మట్టిలో బ్యాక్టీరియాను చంపే వైరస్‌లు ఉన్నాయి నాయనా. ఆ ఖాళీల లోపలే కొన్ని బ్యాక్టీరియా మాత్రం వైరస్‌లకు లొంగకుండా బతికాయి. వాటినే పెంచి, విత్తనాలకు పట్టించి, తూర్పు చేలో విత్తించాను.

ఈ రోజు అమ్మ ఒక మొక్క పీకి, వేరు బుడిపెను గోటితో చీల్చింది. లోపల ఎర్రగా ఉంది. అంటే లోపలి బ్యాక్టీరియా పని చేస్తున్నట్టే.

గట్టు మీద నీ సమాధి దగ్గర నిలబడి, "తప్పు నాదే నాయనా" అని పైకే అన్నాను. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

"ఏం లేదులేమ్మా" అంది అమ్మ వాళ్ళతో. "వాళ్ళ నాయనతో మాట్లాడతాండాది."