సున్నం సీసా

నా కోడలు వెర్నాకు,

కోపం ఇంకా చల్లారని నీ అత్త ఓమా ప్రేమతో రాయిస్తున్నది. రాసే చెయ్యి పక్కింటి డెల్ఫియాది. ఒక్క మాటా మార్చనని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాకే మొదలుపెట్టాను.

నాకు మతి పోలేదు.

ఈ వంటగదిలో యాభై రెండేళ్లు కళ్లు మూసుకుని తిరిగాను. మంచు పడేలోపు తోటలో మిగిలిన పచ్చి టమాటాలు, సగం క్యాబేజీ, గుప్పెడు చిక్కుళ్లు, ఏదీ పారెయ్యకుండా అన్నీ కలిపి వెనిగర్‌లో చౌచౌ అనే పచ్చడి పెట్టాను. దోసకాయ ముక్కలు కరకరలాడటానికి నానబెట్టే సున్నం సొట్టపడ్డ పందికొవ్వు డబ్బాలో ఉండేది. వంటసోడా పొయ్యి పక్కన అట్టపెట్టెలో. తడిమితే చాలు, ఏది ఏదో చేతికి తెలిసేది.

వేసవిలో నువ్వొచ్చి అన్నిటినీ ఒకేరకం గాజుసీసాల్లోకి మార్చావు. కాగితాలు అంటించి, అక్షరాల వరసలో సర్దావు. "ఇక వెతుక్కోనక్కర్లేదు అత్తయ్యా, చదివి తీసుకోవడమే! ఎలా ఉంది?" అన్నావు. మూడు రోజులు నడుం విరగ్గొట్టుకున్నావు మరి. "ముత్యాల్లా ఉన్నాయే నీ అక్షరాలు" అన్నాను.

వెర్నా, నాకు చదవడం రాదు. ఒక్క అక్షరం కూడా. మీ మామ హోబర్ట్ ఒక్కడికే తెలుసు. చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పాల్సినప్పుడల్లా మోకాలితో పొడిచేవాడు. ఆయన పోయాక పక్కవాళ్ల చేతులు చూసి తిప్పుతున్నాను. నీ మొగుడికీ తెలియదు. బడి కాగితాలు తెస్తే "మీ నాన్నకు చూపించు, నాకు పనుంది" అని తరిమేదాన్ని.

ఆ ఆదివారం సోడా అనుకుని రొట్టెల పిండిలో సున్నం కలిపాను. రెండూ తెల్లటి పొడులే. మీ పాప టెస్సీ అందరికన్నా ముందు కొరికింది. పసినోరు పొక్కింది. "అమ్మా, ఏ సీసా తీశావో కూడా తెలియలేదా?" అని నీ మొగుడు అరిచాడు. "మర్చిపోయానురా" అన్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి "పాపం, మతి చెడుతోంది" అని ఏడ్చావు. చదువు రానిదాన్ననిపించుకోవడం కన్నా మతి లేనిదాన్ననిపించుకోవడమే ఆ క్షణాన నయమనిపించింది. పిల్ల నొప్పి కన్నా నా సిగ్గే నాకు పెద్దదైంది. దానికి ఎంత తిట్టినా పడతాను.

ఇక్కడ డెల్ఫియా కలం ఆపి ముక్కు చీదుతోంది. "నీ ఏడుపు ఎవరడిగారే, రాయి" అన్నాను.

మంగళవారం డాక్టరు వస్తాడు. మతి తప్పినవాళ్ల ఆశ్రమానికి నన్ను పంపాలో లేదో ఆయనే తేలుస్తాడటగా. డెల్ఫియా అక్కనూ అలాగే పరీక్షించారు. ఒక కాగితం చేతికిచ్చి, అందులో ఉన్నది చదివి అలా చెయ్యమంటారట. నేను దాన్ని చూస్తూ కూర్చుంటాను. మతి పోయిందని ఆయన రాసేసుకుంటాడు.

నన్ను మళ్లీ వంటగదిలోకి రానివ్వకపోయినా సరే. టెస్సీ నా చేతి రొట్టె ముట్టకపోయినా సరే. ఆ రోజు మాత్రం నా పక్కన కూర్చో. కాగితం నా చేతికి రాగానే "మా అత్తకు చదువు రాదండీ" అని నువ్వే చెప్పు. నీ మొగుడికి కూడా వినపడేలా చెప్పు. డెల్ఫియాతో ఒక్కసారి అనడానికే నాకు డెబ్బై తొమ్మిదేళ్లు పట్టింది, రెండోసారి నోరు పెగలదు. నువ్వు చెబుతున్నంతసేపూ తల మాత్రం దించను.

నీ అత్త ఓమా
(ఈ గీత నేను గీసిందే: ×)