పరదా రెండో కొస

శనివారం, సూర్యాపేట.

కోదాడ అమ్మాయి శ్రావణి ఒక్కతే తయారుచేసిన వీడియో గేమ్‌పై నా సమీక్ష రేపు పేజీకి వెళ్లాలి. దాని గురించి రాస్తున్న పత్రిక మాదొక్కటే. వాన పడేలోపు కల్లంలో వడ్ల కుప్పపై పరదా కప్పాలి, అదీ గేమ్. ఎన్నిసార్లు ఆడినా వడ్లు తడిశాయి. "గెలవడం అసాధ్యం" అని రాసి, నిర్ధారించుకుందామని ఆమెకు ఫోన్ చేశాను.

"ఒక్కళ్లే ఆడుతున్నారా సార్? మరి రెండో కొస ఎవళ్లు పడతారు? మా నానమ్మ కూడా నాతో ఆడిద్ది!" అని నవ్వింది. "ఇంట్లో ఎవళ్లో ఒకళ్లని పిలవండి సార్."

నిజమే. వార్తలకు వెళ్లినప్పుడు మిర్యాలగూడ కల్లాల్లో ఎన్నోసార్లు చూశాను. మబ్బు పడితే పక్క కుప్ప రైతు పిలవకుండానే వచ్చి పరదా పట్టుకుంటాడు.

"అసాధ్యం" అన్న వాక్యం కొట్టేశాను. ఇంట్లో ఉండేది నేనొక్కణ్నే. ఫోన్‌లో పేర్లన్నీ చూశాను. ఎస్సైలు, మిల్లర్లు, నాయకులు. ఎవరికి చేసినా ఎత్తుతారు, ఏం వార్త అని అడుగుతారు. గేమ్ ఆడదాం రమ్మని ఎవరినని పిలవను?

చివరికి ఇలా రాశాను: "గేమ్‌ను పూర్తిగా పరీక్షించలేదు. రెండో ఆటగాడు దొరకలేదు."

రెండూ నిజాలే. రెండోది అచ్చులో చూసుకోగలనో లేదో...