చల్లని చేతిని వార్డులోకి రానివ్వమని

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
లిలాంగ్వే పక్క చింగోండే గ్రామ కాపురస్తుడు యోహానె చింబలంగా దాఖలు చేసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా మనవరాలు తియామికేకు పాలు పట్టుటకు నన్ను పిల్లల వార్డులోనికి అనుమతించుట గురించి.

1. రెండేళ్ల సదరు తియామికే తిండి చాలక కాళ్లూ మొహమూ ఉబ్బి తమ ఆసుపత్రిలో చేరినది. ఉప్పు లేని పాలు పట్టుచున్నారు. నేను రుచి చూసితిని. మా మేకయినా మూతి తిప్పుకొనును.

2. మా వైపు జబ్బు పిల్లల తిండిలో ఎవరు పడితే వారు ఉప్పు వేయరాదు. కాపురం చేయువారిది వేడిచెయ్యి, ఆ ఉప్పుతో పిల్ల ఉబ్బును. ఒంటరిగా పడుకొనువారిది చల్లని చెయ్యి. నా భార్య పోయినప్పటి నుంచి ఊరంతా నన్నే పిలుచుకొని పోవుదురు. "ఇక్కడ ఉప్పు ఎవరేస్తారమ్మా?" అని సిస్టర్ కలింబాను అడిగితే "ఎవరూ వెయ్యరు తాతా" అన్నది. పాపం, చల్లని చెయ్యి దొరకక మానేసినారనుకొని నేనే చిటికెడు వేసి పట్టితిని.

3. మర్నాటికి పిల్ల బరువు పెరిగినది. నేను చప్పట్లు కొట్టితిని. సిస్టర్ కొట్టలేదు.

"అది ఒళ్లు కాదు తాతా, నీళ్లు! తిండిలేక దీని మూత్రపిండాలు నీరసించిపోయాయి. ఉప్పుని బయటికి తొయ్యలేవు. ఆ ఉప్పు ఒంట్లోనే ఉండి నీళ్లు పట్టేస్తుంది. గుండె ఆగినా ఆగుతుంది."

"నాది చల్లని చెయ్యమ్మా!"

"చెయ్యి మీదే, మూత్రపిండాలు దానివి. బయటికి నడవండి."

4. నడిచితిని. ఇప్పుడు పిల్ల నేను పట్టిన కప్పు తప్ప ఎవరి కప్పూ ముట్టదు. కన్నతల్లి, నా కూతురు ఎమిలిడా, పట్టినా పళ్లు బిగబట్టును. ఈ మొండితనము మా వంశములోనిదే, దానికి నేను సిగ్గుపడను. ముక్కులో గొట్టం వేస్తే పీకి పారేసినది. పాలు దిగకపోతే పిల్ల దక్కదని సిస్టరే చెప్పును, నన్ను మాత్రం గడప తొక్కనివ్వదు. ఇదేమి న్యాయమండి?

కావున నా జేబులు తడిమించి, చేతులు కడిగించి, కప్పు పట్టుకొనుటకు మాత్రమే లోనికి వదలవలెనని మనవి. పిల్ల నీరసపడక ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంతకు ముందు ఎవరికీ కాదు),
యోహానె చింబలంగా

మరొక మాట: రోగుల చుట్టాలు వండుకొనే పాకలో కూర్చుని ఇది రాయుచుండగా ఒకామె ఉబ్బిన బిడ్డను ఎత్తుకొని వచ్చినది. "తాతా, నీది చల్లని చెయ్యంట గదా. వీడి గంజిలో చిటికెడు ఉప్పెయ్యవా?"

"ఎవరు చెప్పారే నీకు? నాదీ వేడిచెయ్యే. నాకో ఆడమనిషి ఉంది. ఈ ఆసుపత్రి మొత్తంలో చల్లని చెయ్యి ఒక్కటి లేదు. ఉప్పు మానేసి బిడ్డని సిస్టర్ దగ్గరికి తీసుకుపో" అని, లేని ఆడమనిషిని కల్పించి చెప్పి పంపించితిని.

ఆమె నోరు వెళ్లబెట్టుకొని పోయినది. అయ్యా, ఆ మాట మా ఊరు చేరేలోగా తలుపు తీయించండి.